మహాలయ పట్టీ నుంచి మున్సిఫు కోర్టు దాకా: ఒక పెంపుడు బిడ్డను వెదికిన నా అనుభవం

మా ముత్తాతగారు దత్తుడని మా ఇంట్లో అందరూ అనేవారు. ఉప్పెనలో ఆయన కన్నవారంతా కొట్టుకుపోతే, కోనసీమలో వైనతేయ పాయకు దగ్గరగా ఉన్న ఒక అగ్రహారంలో సంతానం లేని పెద్దమ్మ, పెదనాన్న ఆయన్ను తెచ్చుకుని దత్తత చేసుకున్నారని కథ. ఆ కథలో పొసగని సంగతి ఒకటి ఉన్నా, ఎందుచేతనో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. దత్తత జరిగితే పిల్లవాడు కన్న గోత్రం విడిచి పెంచినవారి గోత్రంలోకి వెళ్తాడు, ఇంటిపేరూ మారుతుంది. ఆ పెదనాన్నగారి అన్నదమ్ముల సంతతి ఇప్పటికీ ఆ అగ్రహారంలోనే ఉన్నది. వారిది భారద్వాజ గోత్రం, మాది కౌండిన్యం. ఇంటిపేర్లకు పొంతనే లేదు. మరి దత్తత ఎక్కడ జరిగినట్లు? ఉద్యోగ విరమణ చేసిన తర్వాత ఈ ముడి విప్పుదామని కూర్చున్నాను.

ముందుగా ఏవి దొరకవో తెలుసుకోవడం వల్ల నాకు చాలా శ్రమ తప్పింది. 1871 నాటి మొదటి జనాభా లెక్కల్లో ఇంటింటి వివరాలు రాసుకున్న కాగితాలను భద్రపరచలేదు, మనకు మిగిలినవి మొత్తాలు మాత్రమే. మద్రాసు రాజధానిలో జనన మరణాల నమోదుకు చట్టం 1899లో వచ్చింది కాబట్టి, అంతకు ముందు పుట్టినవారి తల్లిదండ్రుల పేర్లు ఆ రిజిస్టర్లలో చూపించుకునే అవకాశం దాదాపు లేదు. ఇక దత్తత పత్రం సంగతి చూస్తే, దత్తతను కాగితం మీద రాసి రిజిస్టరు చేయించాలన్న నియమం ఏనాడూ లేదు. భర్త తన భార్యకు దత్తత చేసుకొనే అధికారం రాసి ఇస్తే, అది వీలునామా రూపంలో లేనప్పుడు, 1872 జనవరి 1 తర్వాత రాసినదైతే, రిజిస్టరు చేయించాలన్నది మాత్రమే చట్టం. అందువల్ల పత్రం దొరకకపోతే దత్తత జరగలేదని గాని, జరిగిందని గాని తేల్చలేము. యానాంలో ఉన్న ఒక స్నేహితుడు తమ పూర్వీకుల జనన మరణాలను ఫ్రెంచి వారి పౌర రిజిస్టర్లలో తేదీలతో సహా చూపించినప్పుడు నాకు కొంత అసూయ కలిగిన మాట నిజం. గౌతమికి ఆ ఒడ్డున పుట్టినవారికి ఒక లోకం, మాకు ఒక లోకం.

పంతొమ్మిదో శతాబ్దంలో డెల్టా గ్రామాల్లో పరాయి బిడ్డ ఒక ఇంట పెరగడానికి దారులు చాలా ఉండేవి. దత్తహోమం చేసి గోత్రం మార్చి తీసుకోవడం వాటిలో ఒకటి మాత్రమే. కొన్ని కులాలలో ఇల్లరికపు అల్లుణ్ణి తెచ్చుకొని కొడుకుతో సమానంగా ఆస్తి ఇచ్చేవారు. రెడ్లలో, కమ్మవారిలో ఈ ఆచారాన్ని మద్రాసు హైకోర్టు గుర్తించింది కూడా. ఆ అల్లుడికి కన్నవారింటి హక్కు పోదు, ఇంటిపేరు మారదు, కాబట్టి ఒకే లోగిలిలో రెండు ఇంటిపేర్లు కనబడితే కంగారు పడనక్కరలేదు. ఈ రెండింటికీ చెందకుండా, ఏ తంతూ లేకుండా, తల్లి పోయిన పిల్లను మేనమామో పెద్దమ్మో తీసుకుపోయి పెంచడం అన్నింటికన్నా ఎక్కువగా జరిగేది. కోర్టుకు, కచేరీకి ఆస్తి ముట్టని పెంపకంతో పని లేదు గనుక కాగితాలు దాన్ని పట్టించుకోలేదు. అలాంటి బిడ్డను వెదకాలంటే రెండు ఇళ్ళూ ఒకచోట కలిసే ఆనవాళ్ళను పట్టుకోవాలని నేను క్రమంగా గ్రహించాను.

మొదటి ఆనవాలు మా మేనత్తగారు ఇచ్చారు. ఆమెను నేను దత్తత గురించి అడగలేదు. అగ్రహారం వారింట్లో ఎవరైనా పోతే మనవాళ్ళు ఎన్నాళ్ళు మైల పట్టేవారని అడిగాను. "మూడు రోజులే నాయనా. పది రోజులు వాళ్ళ దాయాదులకి గాని మనకెందుకుంటుంది?" అన్నారు. వారితో వియ్యం ఉందా అని అడిగితే, "అన్నదమ్ముల వరస కదా, ఎలా కలుపుకుంటాం? మా నాన్న ఆ ఇంటి సంబంధం వస్తే వీధి అరుగు మీదే మాట్లాడి పంపించేశాడు" అన్నారు. ఈ రెండు జవాబులను పక్కపక్కన పెట్టుకొని చూడాలి. దత్తతే జరిగి ఉంటే మేము వారికి దాయాదులమై పది రోజుల మైల పట్టవలసి ఉండేది. కేవలం పెద్దమ్మ వరసే అయితే, ఆ బంధుత్వం రెండు మూడు తరాల్లో మరుగున పడిపోయేది. గోత్రాలు వేరైనా నాలుగు తరాలపాటు వియ్యం మానుకున్నారంటే, ఆ ఇంట బిడ్డగా పెరిగినవాడు ఒకడున్నాడన్న స్పృహ రెండు వైపులా ఉన్నదన్నమాట. పెద్దవాళ్ళను "మన తాత ఎవరు?" అని అడిగితే కథ చెప్తారు, మైల గురించి, వియ్యం గురించి అడిగితే ఆచారం చెప్తారు. వెదికేవారికి ఆచారమే ఎక్కువ పనికి వస్తుందని నా అభిప్రాయం.

రెండోది మా ముత్తాతగారు స్వదస్తూరీతో రాసుకున్న మహాలయ తర్పణాల పట్టీ. మా చిన్నాన్నగారింట్లో, పంచాంగాల కట్టలో, గళ్ళ తువ్వాలులో చుట్టి ఉన్నది. అంచులు పొడి రాలుతున్న ఆ నాలుగు కాగితాల మీద సిరా గోధుమ రంగుకు తిరిగింది, మడతల దగ్గర అక్షరాలు అసలు లేవు. పితృ, పితామహ, ప్రపితామహుల స్థానంలో మూడు పేర్లు కౌండిన్య గోత్రంతో ఉన్నాయి. తల్లివైపు మూడు తరాలూ ఉన్నాయి. ఆ తర్వాత వచ్చే కారుణ్య పితరుల, అంటే తర్పణం అందుకునే మిగతా బంధువుల, వరుసలో తల్లి అక్కచెల్లెళ్ళకు కేటాయించిన చోట భారద్వాజ గోత్రంతో ఒక స్త్రీ పేరు ఉన్నది, ఆమే పెద్దమ్మ. ఆమె భర్త పేరు ఆమె పక్కన లేదు. వరుస చివరకు వచ్చాక, స్వామి, గురువు తర్వాత రిక్థి అన్న చోట, అంటే ధనం సంక్రమింపజేసినవారికి తిలోదకాలు వదిలే చోట, అదే భారద్వాజ గోత్రంతో ఆయన పేరు ప్రత్యేకంగా ఉన్నది.

దత్తుడైతే ఆయన్నే మొదటి స్థానంలో తండ్రిగా చెప్పుకోవాలి. ఇద్దరు తండ్రులకూ చెందే ఏర్పాటుతో ఇచ్చిన ద్వ్యాముష్యాయణుడైతే రెండు గోత్రాలూ ఆ మొదటి వరుసలోనే వస్తాయి. ఇక్కడ ఆ రెండూ లేవు. కన్న తండ్రికి కొడుకుగా ఉంటూనే, పెంచినవారికి ఏటేటా నీళ్ళు వదిలిన మనిషి ఆ కాగితంలో కనబడుతున్నాడు. పురోహితుణ్ణి అడిగి నిర్ధారించుకున్న మీదట, మా ఇంటి దత్తత కథను నేను పక్కన పెట్టేశాను.

అదే కట్టలో ఉన్న జాతక పత్రం పుట్టిన సంవత్సరాన్ని దుందుభి అని చెప్పింది. అరవై ఏళ్ళకొకసారి తిరిగి వచ్చే పేర్లతో ఒక్క జాతకాన్ని నమ్ముకుంటే అది 1802 కావచ్చు, 1862 కావచ్చు. ఇంట్లో చెప్పుకునే ఉప్పెన కూడా ఏదో తెలియదు. మా వైపు ఉప్పెన అంటే ముందుగా గుర్తు వచ్చేది 1839 నవంబరులో కోరంగిని నేలమట్టం చేసినది, అది వికారి సంవత్సరం. రెండోది 1864 నవంబరు 1 రాత్రి బందరు మీద పడినది, అది రక్తాక్షి. అందులో సుమారు 30,000 మంది పోయారని చెప్తారు. తాతగారు పుట్టిన కాలాన్ని బట్టి వెనక్కి లెక్క వేస్తే 1862 కుదురుతుంది గాని 1802 కుదరదు, కాబట్టి బందరు ఉప్పెన వైపే మొగ్గాను. అయినా రాతపూర్వకమైన రుజువు చేతికి వచ్చేదాకా ఆ తేదీని పెన్సిలుతోనే రాసుకున్నాను.

ఆ తర్వాత ఇనాంల, అంటే పన్ను లేకుండా గాని తక్కువ పన్నుతో గాని దానంగా ఇచ్చిన భూముల, రిజిస్టరు చూశాను. మద్రాసు ప్రభుత్వం 1858లో ఏర్పరచిన ఇనాం కమిషన్ ఊరూరా విచారించి, ఇనాం ఎవరిచ్చారు, మొదట ఎవరు పొందారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, వారి వయస్సెంత, వారసులెవరు అన్న వివరాలను గళ్ళు గీసి రాయించింది. వారసులు లేని ఇనాం సర్కారుకు చేరే ప్రమాదం ఉండేది గనుక ఆ చివరి గడికి ప్రాధాన్యం ఎక్కువ. క్విట్ రెంటు, అంటే నామమాత్రపు పన్ను, కట్టడానికి ఒప్పుకున్నవారికి ఆ ప్రమాదం తొలగి, భూమి అమ్ముకోవడానికి, దత్తుడికి ఇవ్వడానికి వీలు కలిగింది. పెదనాన్నగారి పేరు, వయస్సు నాకు అక్కడ దొరికాయి, కొడుకులు లేరన్న మాటా ఉన్నది. ఆ విచారణ మా ముత్తాతగారు ఆ ఇంటికి రాక ముందు జరిగింది కాబట్టి ఆయన ప్రసక్తి లేకపోవడం సహజమే. వచ్చాక జరిగినా పెంపుడు బిడ్డను ఆ గడిలో రాసి ఉండేవారని నేననుకోను. ఇక్కడ నాకు లాభించినది భూమి విస్తీర్ణం, టైటిల్ డీడ్ నంబరు. మనిషి జాడ తెలియనప్పుడు భూమి జాడ పట్టుకుని వెళ్ళవచ్చు.

రిజిస్ట్రేషన్ కార్యాలయంలో వెదుకులాట నెమ్మదిగా సాగే పని. కంప్యూటరులో వచ్చే ఈసీ (ఆస్తి లావాదేవీల జాబితా చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) 1983 తర్వాతి లావాదేవీలకే పనికి వస్తుంది, అంతకు ముందువాటికి పాత సూచీలను చేత్తో తిప్పించుకోవాలి. ముత్తాతగారి పేరు మీద వెదికితే ఏమీ రాలేదు. పెంపుడు బిడ్డ పేరు చిన్నతనంలో ఇంట్లో ఒకటి, పట్టాలో ఒకటి ఉండవచ్చు గనుక, రాయించుకున్నవారిని వదిలి రాసి ఇచ్చినవారి వైపు నుంచి, అంటే పెద్దమ్మగారి పేరు మీద వెదికించాను. భర్త పోయిన నాలుగేళ్ళకు, విక్రమ సంవత్సరంలో, అంటే 1880లో, ఆమె రాసిన దానపట్టా నకలు బయటపడింది. అందులో "నీవు బాల్యము నుండి మా యింట పెరిగి, మాకు కుమార నిర్విశేషముగా శుశ్రూష చేయుచున్నందున" అని మా ముత్తాతగారిని సంబోధిస్తూ, భర్త ఇనాం భూమిలో తనకు సంక్రమించిన భాగాన్ని, తాను సొంత సొమ్ముతో కొన్న ఎకరం చిల్లరనూ ఇచ్చింది. ఆ దస్తావేజులో దత్తపుత్రుడన్న మాట ఎక్కడా లేదు. రాసిన లేఖకుడు తెలివైనవాడో, ఆమె నిజాయితీగా చెప్పినదో గాని, కొడుకుతో సమానంగా అని చెప్పే ఆ "నిర్విశేషముగా" తర్వాత చాలా పని చేసింది.

ఆ దానపట్టా మీద దాయాదులు తర్వాత దావా వేశారు. ఆ సంగతి తెలిపిన కాగితాలు నాకు కోర్టులో దొరకలేదు. అంత పాత దావా కట్టలను గడువు తీరాక ఎప్పుడో ధ్వంసం చేశారన్నారు. అవి అగ్రహారంలోనే, వాదుల సంతతి ఇంట్లో ఉన్నాయి. గెలిచినవారు తీర్పు నకళ్ళను దాచుకుంటారు, ఓడినవారు దాచుకోరు. వెదికే వంశంవారు ఎదుటి పక్షం గుమ్మం తొక్కడానికి మొహమాటపడకూడదని ఈ అనుభవం మీద చెప్తున్నాను. ఆ ఇంటి పెద్దాయన నన్ను "అన్నయ్యగారూ" అని పిలిచి, కాఫీ ఇప్పించి, రేకు పెట్టె అటక మీది నుంచి దింపించారు. వారి పూర్వులు మా పూర్వుణ్ణి తమవాడు కాదని కోర్టులో నిరూపించిన కాగితాలే ఆ పెట్టెలో ఉన్నాయి.

పెద్దమ్మగారు పోయాక, సర్వజిత్తు సంవత్సరంలో, అంటే 1887లో, దాయాదులు మున్సిఫు కోర్టులో దావా వేశారు. ఆనాటి న్యాయం ప్రకారం విధవకు భర్త ఆస్తి మీద ఉన్నది జీవితకాలపు హక్కు మాత్రమే, తగిన అవసరం లేకుండా ఆమె చేసిన దానం ఆమె తర్వాత వచ్చే వారసులను కట్టిపడేయదు. కాబట్టి దానపట్టా ఒక్కదానితో మా ముత్తాతగారు నిలబడలేరు. దత్తుణ్ణి అని చెప్పుకుంటే ఆస్తి మొత్తం దక్కుతుంది. ఆయన తరఫున జవాబు అలాగే దాఖలైంది. ఇంట్లో తరతరాలుగా చెప్పుకున్న "దత్తుడు" అన్న మాట ఆ జవాబు నుంచే పుట్టిందని ఇప్పుడు నా నమ్మకం.

సాక్షుల వాంగ్మూలాలు చదవడానికి నాకు ఎంతో కాలం పట్టింది, గొలుసుకట్టు రాత కళ్ళకు అలవాటు కావాలి. వాటిలో పురోహితుడు చెప్పినది అన్నింటికన్నా విలువైనది. రక్తాక్షి దీపావళి వెళ్ళిన రెండో నాడు వచ్చిన ఉప్పెనలో పిల్లవాడి తల్లి పోయిందనీ, కొన్నాళ్ళకు పెదనాన్నగారు బందరు దగ్గరి పల్లెకు వెళ్ళి, పిల్లలను నరసాపురం రేవు దాటించి తీసుకొని వచ్చారనీ ఆయన చెప్పాడు. దత్తహోమం జరిగిందా అని అడిగితే తాను చేయించలేదన్నాడు. కన్న తండ్రి పిల్లవాణ్ణి చేతులతో అప్పగించగా చూశావా అంటే చూడలేదన్నాడు. ఉపనయనం ఎక్కడ జరిగింది? అగ్రహారంలో, పెదనాన్నగారి పందిట్లో, ఆయన ఖర్చుతో. ఏ గోత్రంతో? కౌండిన్యంతో. పీటల మీద కూర్చున్నదెవరు? బందరు నుంచి వచ్చిన కన్న తండ్రి. ద్విజులకు దత్తత ఉపనయనానికి ముందే జరగాలి గనుక, ఆ చివరి రెండు జవాబులతో దావా తేలిపోయింది. న్యాయాధికారి వాటికి దానపట్టాలోని "కుమార నిర్విశేషముగా" అన్న మాటను జోడించి, నిజంగా కుమారుడే అయితే అలా రాయవలసిన పని ఏమున్నదని తీర్పులో ప్రశ్నించాడు. ఇనాం భూమి దాయాదులకు పోయింది. పెద్దమ్మగారు సొంతంగా కొన్న ఎకరం చిల్లర మాత్రం ఆమె స్త్రీధనమని ముత్తాతగారికి మిగిలింది. తర్వాత భూమి శిస్తు నిర్ణయించినప్పుడు రాసిన సెటిల్మెంటు రిజిస్టరులో ఆయన పేరున కనబడుతున్నది ఆ భూమి చెక్క ఒక్కటే. ప్రతివాది వయస్సు వాంగ్మూలంలో 25 అని ఉన్నది. జాతకంలోని దుందుభి 1862 అని దానితో రూఢి అయింది.

ఆ వాంగ్మూలంతో మా ఇంటి కథలోని రెండో భాగమూ మారింది. కన్నవారంతా ఉప్పెనలో పోలేదు. తండ్రి బతికే ఉన్నాడు, కొడుకు ఒడుగుకు వచ్చి పీటల మీద కూర్చున్నాడు. మరి దత్తత ఎందుకు ఇవ్వలేదు? భార్య చెల్లెలి కొడుకును దత్తత తీసుకోవడానికి శాస్త్రంలో అడ్డు లేదు. అడ్డల్లా ముత్తాతగారు కన్న తండ్రికి ఒక్కడే కొడుకు కావడమని నాకు తోస్తున్నది. ఏకపుత్రుణ్ణి ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు అని వసిష్ఠుడి వచనం. అలా ఇచ్చినా చెల్లుతుందని లండనులోని ఆనాటి అత్యున్నత న్యాయస్థానం ప్రివీ కౌన్సిల్ తేల్చినది 1899లో, బాలుసు వారి దావాలో. అప్పటికి మా వాళ్ళ వ్యవహారం ముగిసి పన్నెండేళ్ళు కావస్తున్నది. ఏకపుత్రుడన్న సంగతిని బందరు వైపు మా ఇంటిపేరు గల కుటుంబం దగ్గర ఉన్న వంశవృక్షం బలపరుస్తున్నది. అందులో ఆ తండ్రికి మొదటి భార్య ద్వారా కొడుకు ఒక్కడే, రెండో పెళ్ళి సంతానం తర్వాతి వరుసలో ఉన్నది. ఆ ఒక్క కొడుకు పేరు కింద గీత గీసి, "గోదావరి వైపు" అని మాత్రం రాసి వదిలేశారు.

అయితే పురోహితుడు "పిల్లలను" అన్నాడు. ఆ బహువచనాన్ని మొదట లేఖకుడి అలవాటుగా తీసుకున్నాను. దానపట్టా చివర హద్దులు మళ్ళీ చదివినప్పుడు తూర్పు హద్దుగా "మా పెంపుడు కుమార్తెకు పసుపు కుంకుమల క్రింద యిచ్చిన భూమి" అని కనబడింది. దానిలో పేరు లేదు. ఆడపిల్ల దత్తతను ఆనాటి న్యాయం సాధారణంగా ఒప్పుకోలేదు, పెళ్ళితో గోత్రం, ఇంటిపేరు ఎలాగూ మారిపోతాయి, కోర్టులో ఆమె కోసం ఎవరూ వాదించలేదు, దాయాదులూ ఆ భూమి జోలికి వెళ్ళలేదు. ముత్తాతగారి పట్టీలో సోదరి స్థానం ఉన్న చోటే కాగితం మడత పడి చిరిగింది. ఇప్పుడు నాకు ఉన్న ఆధారం ఆ తూర్పు హద్దు ఒక్కటే. ముత్తాతగారి ఎకరం చిల్లరకు తూర్పున ఉన్న సర్వే నంబరును గ్రామ పటం మీద గుర్తించి, సెటిల్మెంటు రిజిస్టరులో దాని పట్టాదారు పేరు రాసుకున్నాను. ఆ పట్టాదారు మేము ఎన్నడూ వినని ఇంటిపేరు గలవాడు, ఊరు రాజోలు వైపు. ఆ కుటుంబం వారు ఎవరైనా ఆ భూమి తమకు అత్తగారి పుట్టింటి నుంచి వచ్చినదని చెప్పగలరేమో కనుక్కోవడానికి, వచ్చే మహాలయ పక్షం లోపల అక్కడి పురోహితుణ్ణి కలవాలని అనుకుంటున్నాను.